జాగ్రత్త: "నాన్ డెయిరీ" అని రాసి ఉన్న రైస్ మిల్క్ పొడిలో పాల ప్రోటీన్ ఉంది

ఇంట్లో పాలు పడని పిల్లలుంటే, వాళ్ల కోసం బియ్యంతో చేసే రైస్ మిల్క్ పొడి కొంటుంటే, దయచేసి ఇది పూర్తిగా చదవండి. పోయిన నెల మా బాబుకు జరిగింది ఇంకో ఇంట్లో జరగకూడదని రాస్తున్నాను.

మా వాడికి నాలుగేళ్లు. పది నెలలప్పుడు మొదటిసారి ఆవుపాలు రెండు చెంచాలు పడితే మూతి చుట్టూ దద్దుర్లు లేచి వాంతి చేసుకున్నాడు. డాక్టర్ గారు పరీక్షలు చేయించి, పాల ప్రోటీన్‌కి అలర్జీ అన్నారు. అప్పటి నుంచి మా ఇంట్లో పెరుగు గరిటె వేరు, వాడి గరిటె వేరు. పెళ్లికి వెళ్తే ముందు వంటవాళ్లని కలిసి, నెయ్యి వేటిలో వేశారో అడిగి వచ్చాకే వాడికి ఆకు వేయిస్తాం. "ఒక్క చుక్కకి ఏమవుతుందమ్మా" అని ఎంతమంది అన్నారో లెక్కలేదు.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. పాలు పడకపోవడం రెండు రకాలు. పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్, అరగకపోవడం ఒకటి. దానివల్ల కడుపు ఉబ్బుతుంది, గ్యాస్, విరేచనాలు అవుతాయి. బాధే కానీ ప్రాణం మీదికి రాదు. రెండోది పాలలోని ప్రోటీన్‌కి అలర్జీ. అందులో ఒంట్లోని రోగనిరోధక శక్తే ఆ ప్రోటీన్‌ని శత్రువు అనుకుని తిరగబడుతుంది. తాగిన కొద్ది నిమిషాల్లోనో, గంటా రెండు గంటల్లోనో దద్దుర్లు, వాపు, వాంతులు, ఒక్కోసారి ఊపిరి ఆడకపోవడం వరకూ వెళ్తుంది. షాపులో "లాక్టోజ్ ఫ్రీ పాలు ఇవ్వండి, ఏం కాదు" అంటారు. మొదటి రకానికి అవి పనికొస్తాయి, రెండో రకానికి ప్రమాదం. ఎందుకంటే అందులో ప్రోటీన్ అలాగే ఉంటుంది. గేదెపాలు, మేకపాలు ఇచ్చి చూడమన్నవాళ్లూ ఉన్నారు. ఆవుపాల ప్రోటీన్ పడని పిల్లల్లో చాలామందికి మేకపాలు కూడా పడవని మా డాక్టర్ గారు గట్టిగా చెప్పారు.

సోయా పాలు వాడికి రుచించలేదు. బాదం పాలు మా ఖర్చుకి మించిపోయాయి. అప్పుడు ఆన్‌లైన్‌లో ఈ రైస్ మిల్క్ పొడి దొరికింది. వేడినీళ్లలో రెండు చెంచాలు కలిపితే చాలు. తియ్యగా ఉంటుందని వాడే అడిగి తాగేవాడు. ప్యాకెట్ ముందువైపు పెద్ద అక్షరాలతో "నాన్ డెయిరీ", కింద పచ్చ చుక్క. మొదటి ప్యాకెట్ కొన్నప్పుడు వెనక ప్రతి అక్షరం చదివాను. బియ్యప్పిండి, పొద్దుతిరుగుడు నూనె, కాల్షియం, ఉప్పు, అంతే. రెండో ప్యాకెట్ కూడా చూశాను. అదే. మూడోది వచ్చిన రోజు చూడలేదు. అదే కంపెనీ, అదే రంగు ప్యాకెట్, అదే బొమ్మ.

ఆ సాయంత్రం ఆరున్నరకి గ్లాసు కలిపి ఇచ్చాను. సగం తాగి "గొంతులో గుచ్చుకుంటోంది" అన్నాడు. వేడిగా ఉందేమో అనుకున్నాను. ఐదు నిమిషాలకి మెడ మీద, చెవుల వెనక దద్దుర్లు. పైపెదవి వాచింది. మా అత్తయ్య చూసి "వీడికి ఎక్కడో పాలు తగిలాయే" అన్నారు. ఇంట్లో ఆ పూట పాలే లేవు. అలర్జీ సిరప్ వేశాను. అది కక్కేశాడు. ఈలోపు ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. మా వారు స్కూటర్ మీద, నేను వెనక వాడిని గుండెకి అదుముకుని ఆసుపత్రికి వెళ్లాం. ఎమర్జెన్సీలో తొడకి అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. పది నిమిషాల్లో ఊపిరి తేలికైంది. ఆ రాత్రంతా అక్కడే ఉంచుకున్నారు, మళ్లీ తిరగబెట్టవచ్చని.

ఆ డ్యూటీ డాక్టరమ్మ చెప్పిన మాట అందరికీ చెబుతున్నాను. దద్దుర్లు ఒక్కటే ఉంటే సిరప్ సరిపోవచ్చు. ఆయాసం, పిల్లికూతలు, గొంతు బిగుసుకోవడం, ఆగని వాంతులు, పిల్లవాడు వాలిపోవడం లాంటివి ఏది కనిపించినా సిరప్ పనిచేస్తుందేమో అని ఎదురు చూడకూడదు. దానికి మందు అడ్రినలిన్. వెంటనే 108కి ఫోన్ చేయాలి, లేదా దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి పరిగెత్తాలి. నేను సిరప్ వేసి పావుగంట చూశాను. ఆ పావుగంట తలుచుకుంటే ఇప్పటికీ నాకు చేతులు వణుకుతాయి.

మర్నాడు ఇంటికి వచ్చాక ఏం తిన్నాడా అని వంటిల్లంతా వెతికాం. ఆ పొడి మీద నాకు అనుమానమే లేదు. పట్టుకున్నది మా అత్తయ్య. మొదటి ప్యాకెట్‌కి జిప్ ఉండేది కదా, ఆవిడ దాన్ని కడిగి ఆరబెట్టి ఎండుమిరపకాయలు పోసుకున్నారు. ఆ పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, కళ్లజోడు పెట్టుకుని చూసి, "ఇందులో ఒక వరస ఎక్కువుంది చూడవే" అన్నారు. కొత్త ప్యాకెట్‌లో బియ్యప్పిండి తరవాత "నాన్ డెయిరీ క్రీమర్" అని ఉంది. దాని పక్కన బ్రాకెట్‌లో గ్లూకోజ్ సిరప్, వెజిటబుల్ ఫ్యాట్, సోడియం కేసినేట్.

సోడియం కేసినేట్ అంటే పాల నుంచి తీసిన కేసిన్. పాలలో అన్నిటికంటే ఎక్కువగా ఉండే ప్రోటీన్ అదే. పొడి నీళ్లలో కలిసినప్పుడు నూనె తేలిపోకుండా, తెల్లగా చిక్కగా కనబడటానికి క్రీమర్లలో వేస్తారు. కాఫీ మిషన్ పొడుల్లో, ఇన్‌స్టంట్ టీ ప్యాకెట్లలో కూడా ఇది చాలా చోట్ల ఉంటుంది. లాక్టోజ్ దాదాపు ఉండదు కాబట్టి "నాన్ డెయిరీ" అనే పేరు దానికి ఎప్పటినుంచో అతుక్కుపోయింది. నాన్ డెయిరీ అంటే పాలు లేవని మనం చదువుకుంటాం. ఈ పొడి చేసినవాళ్లు ఆ అర్థంలో వాడలేదు. కొంటున్న నాలాంటి తల్లికి ఆ తేడా ఎవరు చెప్పాలి?

అమ్మకందారుకి ఫోన్ చేస్తే "పచ్చ చుక్క ఉంది కదా మేడం" అన్నారు. పచ్చ చుక్క శాకాహారం అని మాత్రమే చెబుతుంది. మన దేశంలో పాలు, నెయ్యి, వెన్న అన్నీ పచ్చ చుక్క కిందే వస్తాయి. జంతువుల నుంచి వచ్చిందేదీ వాడలేదు అని చెప్పడానికి వీగన్ గుర్తు వేరే ఉంది. పచ్చరంగు వి అక్షరం, దాని మీద ఆకు ఉంటాయి. మేం కొన్న ప్యాకెట్ మీద ఆ గుర్తు లేదు. అమ్మకం పేజీలో మాత్రం "వంద శాతం వీగన్" అని రాశారు, పైగా ఫోటో పాత ప్యాకెట్‌ది. వీగన్ గుర్తు ఉన్నా అలర్జీ ఉన్నవాళ్లు అక్కడితో ఆగకూడదు. అదే మిషన్ మీద పాల పొడి కూడా ఆడిస్తుంటే అవశేషాలు కలవవచ్చు. "పాలు ఉండే అవకాశం ఉంది" అనే వాక్యం ఎక్కడైనా ఉందా అని విడిగా వెతకాలి.

మన దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 లేబుల్ నిబంధనల ప్రకారం పాలు, గ్లూటెన్ (గోధుమ, బార్లీల్లో ఉండే ప్రోటీన్) ఉండే ధాన్యాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు పీతల జాతి, వేరుశనగ, బాదం జీడిపప్పు లాంటి గింజలు, సోయా, మోతాదు మించిన సల్ఫైట్ ఉంటే "ఇందులో ఫలానాది ఉంది" అని విడిగా రాయాలి. మా మూడో ప్యాకెట్ మీద ఆ వాక్యం లేదు. నా ఫిర్యాదంతా దాని మీదే. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. పేరు తెలిసినా ఆ ఒక్కదాన్నే మానేస్తారు. ఈ క్రీమర్ ఎన్నో పొడుల్లో ఉంటుంది. కాబట్టి పేరు కంటే ఆ మాటలు గుర్తు పెట్టుకోండి: కేసిన్, కేసినేట్, వే (whey, పాలు విరిగితే వచ్చే నీళ్లు), వే ప్రోటీన్, మిల్క్ సాలిడ్స్, లాక్టాల్బుమిన్. వీటిలో ఏది కనిపించినా అది పాలే.

ఆన్‌లైన్‌లో వెతికే పద్ధతి కూడా మార్చుకోండి. మొక్కల నుంచి వచ్చే పానీయాలను పాల ఉత్పత్తులుగా అమ్మవద్దని 2021లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆన్‌లైన్ సంస్థలకు చెప్పింది. అందుకే ఇప్పుడు చాలావాటి మీద రైస్ డ్రింక్ అనో బెవరేజ్ అనో ఉంటుంది. మనం "రైస్ మిల్క్" అని కొడితే వాటితో పాటు పాయసం పొడులు, పసిపిల్లల రైస్ సీరియల్ డబ్బాలు కూడా వస్తాయి. ఆ సీరియల్స్‌లో చాలావాటిలో పాల పొడి ఉంటుంది. కంగారులో బొమ్మ చూసి కొనకండి.

మా పిన్ని కూతురికి గోధుమ పడదు, సీలియాక్ జబ్బు. బియ్యంతో చేసింది కదా అని తనూ ఇలాంటిదే తాగుదామనుకుంది. బియ్యంలో గ్లూటెన్ లేదు, నిజమే. కానీ బియ్యం పిండిని తియ్యగా మార్చడానికి ఎంజైములు వాడతారు. కొన్ని రకాల్లో అవి బార్లీ నుంచి వస్తాయి, కొన్నిటిలో రుచికి మాల్ట్ కలుపుతారు. మాల్ట్ అన్నా ఎక్కువగా బార్లీయే. గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు మించకూడదు. సీలియాక్ ఉన్నవాళ్లు ఆ మాట స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోవాలి.

ఇప్పుడు చెప్పబోయేది నన్ను దద్దుర్ల కంటే ఎక్కువ కుంగదీసింది. వారం తరవాత మా పిల్లల డాక్టర్ గారి దగ్గరికి వెళ్తే, అంతా విని, "రోజుకి ఎన్ని కప్పులు ఇస్తున్నావమ్మా?" అని అడిగారు. మూడు అన్నాను. పాలకు బదులు పాలు ఇస్తున్నాననే అనుకున్నాను. ఆయన పాత ప్యాకెట్ వెనక పట్టిక చూపించారు. కలిపిన కప్పుకి ప్రోటీన్ అర గ్రాము. అదే కప్పు ఆవుపాలలో ఏడెనిమిది గ్రాములు ఉంటుంది. చక్కెర కలపలేదు అని రాసి ఉన్నా, పిండి విడిపోయి చక్కెరగా మారుతుంది కాబట్టి తియ్యదనం అంతా చక్కెరే. వాడు కడుపు నిండా తాగి అన్నం మానేస్తున్నాడు. బరువు సరిగా పెరగకపోవడానికి కారణం అప్పుడు అర్థమైంది.

ఆయన ఇంకో కేసు చెప్పారు. అమెరికాలో రెండేళ్లు కూడా నిండని బిడ్డకి పాలు పడవని రైస్ డ్రింకే ప్రధానంగా పట్టారు. ఒళ్లంతా నీరు వచ్చి, క్వాషియోర్కర్ అని తేలింది. కరువు ప్రాంతాల్లో కనిపించే ప్రోటీన్ లోపం జబ్బు అది. 2001లో అట్లాంటా డాక్టర్లు దాని గురించి పిల్లల వైద్య పత్రికలో రాశారు. తల్లిదండ్రులు ప్రేమతోనే పట్టి ఉంటారు, నాలాగే.

ఆర్సెనిక్ అనే విషపదార్థం సంగతి కూడా నాకు అప్పటిదాకా తెలియదు. నీళ్లు నిలబెట్టిన మడిలో పెరుగుతుంది కాబట్టి వరి, నేలలోని ఆర్సెనిక్‌ని మిగతా పంటల కంటే ఎక్కువ పీల్చుకుంటుంది. ఎక్కువ నీళ్లు పోసి గంజి వార్చి వండితే అన్నంలో అది కొంత తగ్గుతుంది. రైస్ డ్రింక్‌లో వార్చేది ఏమీ లేదు. పైగా చిన్న ఒంటికి రోజూ కప్పులకి కప్పులు వెళ్తుంది. అందుకే బ్రిటన్‌లో ఐదేళ్ల లోపు పిల్లలకి తల్లిపాలకో ఆవుపాలకో బదులుగా రైస్ డ్రింక్ ఇవ్వవద్దని ప్రభుత్వమే సలహా ఇస్తోంది. ఎప్పుడైనా ఒకసారి తాగితే భయపడక్కర్లేదు, పెద్దవాళ్లు కాఫీలో పోసుకున్నా ఇబ్బంది లేదని డాక్టర్ గారు అన్నారు. ఎదిగే పిల్లవాడికి అదే పాలుగా పెట్టకూడదు. బియ్యం నానబెట్టి ఇంట్లో రుబ్బి వడకట్టేదానికీ ఇదే మాట. అందులో కలిపిన కాల్షియం కూడా ఉండదు.

ఇప్పుడు మా వాడికి కాల్షియం, బి12 కలిపిన సోయా పానీయం ఇస్తున్నాం. ప్రోటీన్‌లో ఆవుపాలకి దగ్గరగా ఉండేది అదే. ముందు కొద్దిగా పట్టించి, సోయా పడుతుందని చూసుకున్నాకే మొదలుపెట్టాం. అరటిపండు వేసి కొడితే తాగుతున్నాడు. పొద్దున రాగి జావ. వంద గ్రాముల రాగిలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పప్పు, గుడ్డు ఎలాగూ తింటాడు. నెలలో అరకిలో పెరిగాడు. మీ పిల్లల సంగతి మీ డాక్టర్‌తోనే మాట్లాడుకోండి, ముఖ్యంగా రెండేళ్ల లోపు వాళ్లయితే. వాళ్లకి ప్రత్యేకమైన ఫార్ములాలు ఉన్నాయి.

ఇలాంటిది మీకు ఎదురైతే ప్యాకెట్ పారేయకండి. మిగిలిన పొడి, బ్యాచ్ నంబర్, తయారీ తేదీ, 14 అంకెల లైసెన్స్ నంబర్, ఆన్‌లైన్ పేజీ స్క్రీన్‌షాట్, ఆసుపత్రి కాగితాలు అన్నీ దాచండి. నేను ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ల ఫిర్యాదుల యాప్ ఫుడ్ సేఫ్టీ కనెక్ట్‌లో ఫిర్యాదు పెట్టాను, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా చెప్పాను. అమ్మకందారు ముందు "ఆహార పదార్థాలు వాపసు తీసుకోం" అన్నారు, ఫిర్యాదు నంబర్ పంపాక డబ్బులు వెనక్కి వేశారు. డబ్బులు కాదు నాకు కావలసింది. ఆ పేజీలో ఫోటో మార్చమని, "వీగన్" అనే మాట తీసేయమని అడిగాను. ఈ రోజు పొద్దున చూస్తే ఇంకా అలాగే ఉంది.

అందుకే మీ వంటింట్లో ఇలాంటి పొడి ఉంటే ఇప్పుడే తీసి వెనక్కి తిప్పి చూడండి. పాత ప్యాకెట్ చదివి ఉన్నా సరే, కొత్తది చదవండి. సాయంత్రం గ్లాసు కలిపే లోపు.