మారిషస్‌లో సౌత్ టూర్: వ్యానెక్కి ఒకసారి, కారు మాట్లాడుకుని ఇంకోసారి

మ్యాప్‌లో చూస్తే మారిషస్ ఎంతని, నిలువునా 65 కిలోమీటర్లు, అడ్డంగా 45, ఈ మాత్రం దానికి ఒక్క రోజు చాలదా అనిపిస్తుంది. మాకూ అలాగే అనిపించి మొదటి రోజే ఒక గ్రూప్ టూర్‌కి డబ్బులు కట్టేశాం. సాయంత్రం రూమ్‌కి వచ్చి కాళ్లు చాపుకున్నాక మా అత్తయ్య "ఇంతకీ సముద్రం ఎప్పుడు చూపిస్తారమ్మా?" అని అడిగారు. రోజంతా ద్వీపం మీద తిరిగొచ్చిన మనిషి అడిగిన మాట అది!

తప్పు ఆవిడది కాదు. పొద్దున 8కి అన్న వ్యాను నాలుగు హోటళ్లు తిరిగి అందరినీ ఎక్కించుకునేసరికి తొమ్మిదిన్నర. క్యూర్‌పీప్ అనే ఊళ్లో అగ్నిపర్వతం నోరు చూపిస్తామని ట్రూ ఓ సెర్ఫ్ కొండెక్కించారు, అక్కడ పొగమంచు తప్ప ఏమీ కనబడలేదు. (వాళ్లనేం అనలేం, ఆగ్నేయం నుంచి వచ్చే తడిగాలి ముందు ఆ ఎత్తుకే తగులుతుంది. కింద పడమటి తీరంలో ఎండ కాస్తున్నా అక్కడ చినుకులే.) తర్వాత చెక్క ఓడల బొమ్మల షాపులో ముప్పావుగంట, ఇంకో బట్టల షాపులో అరగంట. పుణ్యక్షేత్రంగా కొలిచే గంగా తలావ్ సరస్సు దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఇరవై నిమిషాలే మేడమ్" అన్నాడు గైడు. రంగురంగుల మట్టి దిబ్బలుండే చమారెల్ చూపించి, వెనక్కి వస్తూ లె మోర్న్ కొండని కిటికీలోంచి వేలెత్తి చూపించాడు. అదే మా సముద్ర దర్శనం.

ఒకరోజు ఆగి, డ్రైవర్‌తో సహా కారు మాట్లాడుకున్నాం. ముందే చెప్పాం: షాపులు వద్దు, క్యూర్‌పీప్ వద్దు, దక్షిణ తీరం రోడ్డు నెమ్మదిగా కావాలి. ఏడున్నరకి బయల్దేరాం. నేరుగా గంగా తలావ్. 33 మీటర్ల శివుడి విగ్రహం రోడ్డు మీంచే కనిపిస్తుంది, 2007లో పెట్టారు. నాకైతే విగ్రహం కంటే ఆ సరస్సే నచ్చింది, ఎప్పుడో ఆరిపోయిన అగ్నిపర్వతం గుంటలో నిలిచిన నీళ్లు, పొద్దున్నే మనుషులు లేకపోతే గాలి చప్పుడు తప్ప ఏమీ ఉండదు. అత్తయ్య నిదానంగా దీపం పెట్టుకున్నారు, ఆవిడ అరటిపండ్లలో రెండు కోతి పట్టుకుపోయింది. జూన్‌లో వెళ్తే స్వెటర్ తప్పనిసరి, మనకి వేసవి సెలవులు ముగిసే వేళకి అక్కడ చలికాలం మొదలవుతుంది.

మేం తెలుగువాళ్లమని తెలిశాక డ్రైవర్ "ఉగాదికి ఇక్కడ అందరికీ సెలవే" అన్నాడు. అప్పట్లో మన కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి చెరకు తోటల పనికి వచ్చిన తెలుగువాళ్లని ఇక్కడ ఆ రేవు పేరుతోనే పిలిచేవారట. ఆ మాట విన్నాక దారి పొడవునా చెరకు తోటల మధ్య కనిపించే నల్లరాళ్ల గుట్టల్ని చూసే చూపే మారిపోయింది. పొలం చదును చెయ్యడానికి లావా రాళ్లని చేతులతో ఏరి గుట్టలు పోశారు, కొన్ని రెండంతస్తుల ఎత్తున్నాయి. వ్యాను రోజు కూడా ఇవే గుట్టల పక్కనుంచి వెళ్లాం, ఎవరూ నోరు విప్పలేదు.

అక్కడి నుంచి కిందికి సూయాక్ ఊరి దగ్గర గ్రీ గ్రీ తీరం. మారిషస్ చుట్టూ దాదాపు అంతటా పగడపు దిబ్బ అడ్డం ఉంటుంది కాబట్టి సముద్రం చెరువులా ఉంటుంది, ఇక్కడ ఆ అడ్డం లేదు, అలలు నేరుగా బండలకి కొడతాయి. ఈత మాట మర్చిపోండి.

అసలు టూర్ ఇక్కడ మొదలైంది. సూయాక్ నుంచి పడమరగా బెల్ ఓంబ్ర్ మీదుగా బే దు కాప్ వైపు రోడ్డు సముద్రాన్ని అంటిపెట్టుకుని పోతుంది, కొన్నిచోట్ల కారు డోరు తీస్తే ఇసుకలో కాలు పెట్టొచ్చు. మకోండే దగ్గర ఒక నల్ల బండని చుట్టి హెయిర్‌పిన్ మలుపు. పైకి మెట్లున్నాయి. ఎక్కి చూస్తే ఒకపక్క మోకాలి లోతు నీళ్లలో నిలబడి వల సర్దుకుంటున్న మనిషి, ఆయన వెనక ఆకుపచ్చ, ఇంకా వెనక నీలం, ఆ వెనక పగడపు దిబ్బ మీద విరిగే తెల్లని గీత. గంట కూర్చున్నాం. మా ఆయన ఫోన్ తియ్యలేదు, దాన్నిబట్టి మీరే అర్థం చేసుకోండి.

లె మోర్న్ చేరేసరికి నాలుగు. పారిపోయిన బానిసలు దాక్కున్న కొండ, 2008లో యునెస్కో జాబితాలో చేర్చారు. ఫొటోల్లో చూసే "సముద్రం అడుగున జలపాతం" ఇక్కడిదే, కానీ అది హెలికాప్టర్‌లోంచో, అలా ఎత్తు నుంచో చూస్తే కనిపించే భ్రమ, ఒడ్డున నిలబడి వెతక్కండి. బీచ్‌లో అనాసపండు కొనండి. పట్టుకోడానికి కాడ ఉంచేసి, పండు మీది కళ్లు పోయేలా మెలికలుగా చెక్కి, చింతపండు కారంలో ముంచి ఐస్‌ఫ్రూట్‌లా చేతికిస్తారు. అత్తయ్య రెండు తిన్నారు. చలికాలంలో ఆరు లోపే సూర్యాస్తమయం, ఆ లెక్క చూసుకోండి.

కారు కంపెనీకి అయిదుకి నాలుగిస్తా. వెనక సీటు బెల్టు ఒకటి పట్టలేదు, డ్రైవర్ మధ్యమధ్యలో ఫోన్ మాట్లాడాడు, చెప్పాక మానేశాడు. వ్యానుకి ఒకటి, అది కూడా చమారెల్ కోసం. అక్కడ లావా రాయి మట్టిగా మారి ఇనుము వల్ల ఎరుపు, అల్యూమినియం వల్ల నీలం, ఊదా రంగులు తేలాయి, ఎండ ఉంటేనే అందం, కంచె బయట నుంచే చూడాలి, అరగంట చాలు.

మీరే నడుపుతానంటే మనలాగే ఎడమవైపు డ్రైవింగ్, ఇబ్బంది ఉండదు, కానీ ఆ తీరం రోడ్డు సన్నం, స్టీరింగ్ పట్టినవాళ్లకి రోడ్డు తప్ప ఏమీ కనబడదు. బేరం ఆడేటప్పుడు "రూపాయలు" అంటే ఎవరి రూపాయలో అడగండి, వాళ్ల రూపాయి విలువ మన రూపాయికి దాదాపు రెండింతలు. ఆదివారం మాత్రం వద్దు, ఆ రోజు స్థానికులు కుటుంబాలతో సహా గిన్నెలు, గొడుగులు పట్టుకుని బీచ్‌లకి వస్తారు, కారు పెట్టడానికి చోటుండదు.