సీతాకోకల కోసం విశాఖలో: పెదవాల్తేరు నుంచి టైడా దాకా

సీతాకోకచిలుకలు చూడాలంటే అరకు వెళ్లాలా అని అడిగేవాళ్లను నేను ముందు పెదవాల్తేరు వెళ్లమంటాను. రాణీ చంద్రమణీ దేవి ఆసుపత్రి ఆవరణలో ఉన్న బయోడైవర్సిటీ పార్కు విస్తీర్ణం 3 ఎకరాలే. కానీ అందులో పెంచుతున్న మొక్కల జాతులు రెండు వేలకు పైనే. సీతాకోకలకు కావలసింది సరిగ్గా ఇదే. పూలు ఎన్ని ఉన్నా చాలదు, వాటి పిల్లలకు, అంటే గొంగళి పురుగులకు, తిండి పెట్టే మొక్క ఉండాలి. కామన్ మార్మన్ అనే సీతాకోకకు నిమ్మ, కరివేపాకు. ప్లెయిన్ టైగర్‌కు జిల్లేడు. కామన్ క్యాస్టర్‌కు ఆముదం. కామన్ ఎమిగ్రెంట్‌కు రేల. రెడ్ పియరోకు రణపాల. ఆ మొక్క లేని చోట ఎంత అందమైన తోట వేసినా అవి అలా వచ్చి ఇలా పోతాయి.

సీతాకోకలు చూసే మా బృందం కొత్తగా చేరినవాళ్లను మొదటి ఆదివారం ఇక్కడికే తీసుకొస్తుంది. నగరం మధ్యలో ఉంది, ముసలివాళ్లు కూడా నడవగలిగిన దారులు, నీడ ఉంది. పక్షులు చూసేవాళ్లలా తెల్లవారుజామున లేవాల్సిన పని కూడా లేదు. ఎండ తగిలి ఒళ్లు వెచ్చబడితే గానీ సీతాకోకలు ఎగరవు. ఎనిమిదిన్నరకు టిఫిన్ చేసి బయల్దేరినా ఏమీ పోదు. తొమ్మిది నుంచి పదకొండున్నర వరకు అసలైన సమయం.

అక్కడ నిమ్మ మొక్క దగ్గర నిలబడి కామన్ మార్మన్ ఆడది గుడ్డు పెట్టడం చూడటం నాకు ఎప్పటికీ విసుగు పుట్టని పని. వచ్చీ రాగానే వాలదు. కొమ్మల చుట్టూ తిరుగుతుంది. ఒక ఆకు మీద ఆగీ ఆగకుండా ముందుకాళ్లతో టకటకా తడుతుంది. రుచి తెలిసేది ఆ కాళ్లకే. ఇది నిమ్మ జాతి ఆకేనా అని అలా తేల్చుకుంటుంది. అవునంటే రెక్కలు ఆడిస్తూనే పొట్ట చివర వంచి, లేత ఆకు మీద ఆవగింజంత పసుపు గుడ్డు ఒక్కటి అంటించి లేచిపోతుంది. అందులోంచి వచ్చే గొంగళి పురుగు మొదట్లో అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. దాన్ని కదిలిస్తే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు బయటపెట్టి ఘాటైన వాసన వదులుతుంది. ఇదంతా ఒకే మొక్క మీద, మోకాలి ఎత్తులో కనిపిస్తుంది. బైనాక్యులర్స్ అక్కర్లేదు, ఫోన్ కెమెరా చాలు.

ఇలాంటి బృందంతో వెళ్తే లాభం ఏమిటో కూడా ఇక్కడే తెలుస్తుంది. మాతో రిటైరైన జువాలజీ మాస్టారు ఒకరు వస్తారు. ఆరో తరగతి పిల్లాడొకడు ఆయన్ని అడిగాడు.

“మాస్టారూ, ఇది క్రిమ్సన్ రోజ్ కదండీ?”

“రెక్కలు కాదు నాన్నా, ఒళ్లు చూడు. ఎర్రగా ఉందా, నల్లగా ఉందా?”

“నల్లగానే ఉందండి.”

“అయితే అది మార్మనే. రోజ్ వేషం కట్టింది.”

కామన్ మార్మన్ ఆడవాటిలో మూడు రూపాలుంటాయి. ఒకటి మగదానిలాగే ఉంటుంది, ఒకటి కామన్ రోజ్‌ను, ఇంకొకటి క్రిమ్సన్ రోజ్‌ను పోలి ఉంటుంది. రోజ్ జాతులు పురుగు దశలో ఈశ్వరి తీగ ఆకులు తింటాయి. ఆ విషం వాటి ఒంట్లో నిలిచిపోతుంది కాబట్టి పిట్టలు వాటి జోలికి పోవు. మార్మన్‌కు ఆ విషం లేదు. వేషం మాత్రం ఉంది. పుస్తకంలో పేజీలకు పేజీలు చదివినా ఎక్కని విషయం ఆ పిల్లాడికి అర నిమిషంలో ఎక్కింది. మాస్టారు లాంటి మనిషి ఒక్కరు ఉంటే చాలు, ఆ బృందంలో చేరండి. ఖరీదైన కెమెరాలు ఎన్ని ఉన్నాయన్నది చూడొద్దు.

అక్కడ ఓ ఉదయం గడిపాక రెండో అడుగు కంబాలకొండ. జాతీయ రహదారి మీద హనుమంతవాక దాటి మధురవాడ వైపు వెళ్తుంటే వస్తుంది. సిటీ బస్సు దిగి నడవొచ్చు. సుమారు 70 చదరపు కిలోమీటర్ల అడవి, 2002 నుంచి అభయారణ్యం. ఇంత పెద్ద నగరాన్ని ఆనుకుని ఇంత అడవి ఉండటం మన అదృష్టం. దాన్ని మనం బోటింగ్ కోసం మాత్రమే గుర్తుపెట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది. ఆదివారం చెరువు దగ్గర పిల్లల సందడి సహజంగానే ఎక్కువ. వీలైతే శనివారం వెళ్లండి. పదిమందికి మించి వెళ్తుంటే అటవీ సిబ్బందికి ముందే చెప్పడం మర్యాద, మనకూ మంచిది. చిరుతలు తిరిగే అడవి కాబట్టి దారి వదిలి పొదల్లోకి వెళ్లకూడదు. అభయారణ్యంలో పురుగును పట్టడం కూడా నేరమే. వలలు ఇంట్లోనే వదిలేయాలి.

వానాకాలం చివర్లో కంబాలకొండ దారుల పక్కన గిలిగిచ్చ పొదలు పసుపు పూలతో నిండుతాయి. గింజలు ఎండి గలగలలాడే కాయలు, చిన్నప్పుడు మనమంతా ఆడుకున్నవే. బ్లూ టైగర్లు, కామన్ క్రోలు ఆ పొదల మీద గుంపులుగా వాలి ఉంటాయి. అవి పూల కోసం వచ్చాయనుకుంటారు చాలామంది. దగ్గరికి వెళ్లి చూస్తే చాలావరకు వాడిన ఆకుల మీద, దెబ్బతిన్న కాయల మీద ఉంటాయి. కాళ్లతో గోకుతూ తొండాన్ని ఆ తడిలో ఆనిస్తాయి. గిలిగిచ్చలో ఉండే ఆల్కలాయిడ్లు అనే చేదు రసాయనాలు మగవాటికి కావాలి. ఆడదాన్ని ఆకర్షించే వాసన వాటి నుంచే తయారవుతుంది. నీటి పక్క తడి మట్టి దగ్గర ఇంకో గుంపు కనిపిస్తుంది. అక్కడా ఎక్కువ మగవే. మట్టిలోని ఉప్పును పీల్చుకుని, జతకట్టేటప్పుడు ఆడదానికి అందిస్తాయి. ఆ మట్టి దగ్గర ఒక్కొక్కరుగా వంగి చూడాలి. పదిమంది ఒకేసారి కెమెరాలతో మీద పడితే గుంపు చెదిరి మళ్లీ కూడదు. మాలో ఫొటోకు వంతులు పెట్టుకోవడం మొదలుపెట్టాక అందరికీ మంచి ఫొటోలు వస్తున్నాయి.

దగ్గర్లోనే జూ ఉంది. లోపల సీతాకోకల పార్కు ఉంది. నడవలేని పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఉంటే అది నయం. సోమవారం సెలవు. తొట్లకొండకు ఒక్కసారైనా వెళ్లాలి. బౌద్ధ శిథిలాల చుట్టూ గడ్డి, పొదలు, పైన గాలి. కొండ నెత్తి మీద చోటు పట్టుకుని ఆడవాటి కోసం కాచుకుని ఉండే మగ సీతాకోకలు, నేల మీద రెక్కలు విప్పి కూర్చునే పాన్సీలు అక్కడ బాగా కనిపిస్తాయి. నీడ లేదు కాబట్టి టోపీ, నీళ్లు తప్పనిసరి. పదిన్నర దాటాక ఎండ మనకు పనికిరాదు. సింహాచలం కొండకు ఇటు మాధవధార వైపు ధార, చెట్ల నీడ ఉన్నాయి. వానలు తగ్గిన వారంలో వెళ్తే చాలా బాగుంటుంది.

ఇక ఏజెన్సీ.

అరకు రైలు ప్రయాణం అందమైనదే. కొత్తవలస–కిరండూల్ మార్గంలో సొరంగాలు, లోయలు, అద్దాల కప్పున్న విస్టాడోమ్ పెట్టె, అన్నీ చూడదగ్గవే. కానీ సీతాకోకల కోసం వెళ్లేవాళ్లు రైలెక్కితే మంచి ఎండ ఉన్న గంటలన్నీ పెట్టెలోనే గడిచిపోతాయి. వెళ్లేటప్పుడు వ్యాను మాట్లాడుకుని, తిరుగు ప్రయాణంలో రైలెక్కడం మేలు. వ్యాను మాట్లాడేటప్పుడే డ్రైవరుకు చెప్పాలి, ఎక్కడంటే అక్కడ ఆపాలని. మాకు దొరికిన డ్రైవరన్న మొదటి రెండు ఆగుళ్లకు “ఇక్కడేటుంది సార్, వ్యూ పాయింటు ముందుంది” అన్నాడు. మూడో ఆగుడికి తనే దిగి కల్వర్టు కింద తడి ఇసుక చూపించాడు. కామన్ జేలు వరసగా వాలి ఉన్నాయి, రెక్కలు వణికిస్తూ. ఆ తర్వాత బొర్రా జంక్షన్ దాకా మాకంటే ముందు ఆయనే చూశాడు. అలాంటి డ్రైవరుకు మాట్లాడుకున్న కిరాయి మీద ఇంకొంచెం ఇవ్వడం న్యాయం.

బస విషయంలో నా ఓటు టైడాకే. శృంగవరపుకోట దాటాక, ఘాట్ రోడ్డు మీద, విశాఖ నుంచి సుమారు 75 కిలోమీటర్లు. పర్యాటక సంస్థ జంగిల్ బెల్స్ కాటేజీలు అడవి మధ్యలోనే ఉన్నాయి. గదులు సాదాసీదాగా ఉంటాయి. ఖరీదైన హోటల్ హంగులు ఆశించి వెళ్లేవాళ్లకు నచ్చకపోవచ్చు. నాకు నచ్చింది ఏమిటంటే, గది తలుపు తీస్తే ఎదురుగా పొదలు, రాలిన ఆకులు, వాటి మధ్య ఎండ పడే చోట్లు. కామన్ సెయిలర్లు, కమాండర్లు మెట్ల దగ్గరే తేలుతూ తిరుగుతాయి. సాయంత్రం చీకటి పడేవేళ ఈవెనింగ్ బ్రౌన్లు ఎండుటాకుల్లోంచి లేస్తాయి. మిగతావన్నీ పడుకున్నాక ఎగిరేది అదే.

అనంతగిరిలో హరిత రిసార్ట్‌లో ఉంటే కాఫీ తోటలకు నడిచి వెళ్లొచ్చు. చలి బాగుంటుంది. కానీ కాఫీ తోట లోపల నీడ ఎక్కువ, సీతాకోకలు తక్కువ. తోట అంచున, దారి పక్క కలుపు మొక్కల మీదే వైవిధ్యం అంతా. అక్టోబరు, నవంబరులో సీతాఫలాల బుట్టలు రోడ్డు పక్కన పెట్టి అమ్ముతుంటారు. మాతో వచ్చిన గిరిజన కుర్రాడు బుట్టల వెనక పారేసిన మెత్తటి పళ్ల దగ్గరికి తీసుకెళ్లాడు. పులిసిన గుజ్జు మీద బ్యారొనెట్లు కూర్చుని, మేము అడుగు దూరంలో కూర్చున్నా కదల్లేదు. ఊరి కుర్రాళ్లను వెంటబెట్టుకుని, రోజు కూలికి తగ్గకుండా ఇచ్చి నడవండి. వాళ్లకు ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో, ఏ వాగు ఎప్పుడు ఎండుతుందో తెలుసు.

అరకు లోయలో ఒక ప్రైవేటు రిసార్ట్‌లో కూడా ఒక రాత్రి ఉన్నాం. గది శుభ్రంగా ఉంది, భోజనం బాగుంది, బొంగు చికెన్ ఇంకా బాగుంది. పచ్చిక చుట్టూ ఎటు చూసినా రంగురంగుల పూల కుండీలు. పొద్దున్నే లేచి చూస్తే ఒక్క సీతాకోక లేదు. అడిగితే, దోమలు, పురుగులు రాకుండా వారానికోసారి మందు కొడతామని గర్వంగా చెప్పారు. గోడ అవతల రోడ్డు పక్కన గడ్డి చామంతి మీద గ్రాస్ యెల్లోలు, బ్లూలు ఎగురుతున్నాయి. అప్పటినుంచి గది బుక్ చేసేముందు వేడినీళ్లు ఉన్నాయా అని అడిగినట్టే, తోటకు మందు కొడతారా అని కూడా అడుగుతున్నాం. మీరూ అడగండి. పదిమంది అడిగితే వాళ్లూ ఆలోచిస్తారు.

కాలం సంగతి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ పెద్దగా ఉండదు. నైరుతి వానలు తగ్గుముఖం పట్టే సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా మంచి రోజులు. అక్టోబరులో మాత్రం వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకుని ఘాట్ ఎక్కాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ నగరాన్ని ఏం చేసిందో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. దసరా, దీపావళి సెలవులకు టైడాలో గది దొరకడం కష్టం. వారం మధ్యలో వెళ్లగలిగితే గదీ సులువు, దారుల్లోనూ ప్రశాంతం.

సెప్టెంబరు ఇంకో కారణానికి కూడా ముఖ్యం. 2020 నుంచి దేశమంతా ఆ నెలను సీతాకోకల నెలగా జరుపుకొంటున్నారు. ఎక్కడివాళ్లు అక్కడ లెక్కలు తీసి, ఫొటోలు ఐనాచురలిస్ట్ అనే ప్రకృతి పరిశీలనల వెబ్‌సైట్‌లో పెడతారు. మేము నాలుగు జట్లుగా విడిపోయి నాలుగు చోట్లకు వెళ్లి, మధ్యాహ్నం ఒకచోట కూడతాం. పులిహోర తింటూ జాబితాలు చదువుకుంటాం. చిన్న పిల్ల చదివినా, కాలేజీ లెక్చరర్ చదివినా ఒకటే నియమం: ఫొటో లేకపోతే, ఇద్దరు చూడకపోతే జాబితాలోకి ఎక్కదు. ఆ నియమం మీద గట్టిగా నిలబడటం వల్లే మా జాబితాను నేను నమ్ముతాను. కూటమికి ఫీజు లేదు. వ్యాను ఖర్చు తలా ఇంత, టికెట్లు ఎవరివి వాళ్లవి.

తొలకరికి ముందు జరిగే కూటమి నాకు అన్నిటికంటే ఇష్టం. అప్పుడు ఎవరో ఒకరి అపార్ట్‌మెంట్ మేడ మీద కలుస్తాం. కవర్లలో గిలిగిచ్చ విత్తనాలు, చిన్న సంచుల్లో ఈశ్వరి తీగ మొక్కలు, రణపాల ఆకులు పంచుకుంటాం. నర్సరీల్లో అడిగితే ఇవి దొరకడం కష్టం, కలుపు మొక్కలంటూ నవ్వుతారు. గిలిగిచ్చ గింజను రాత్రంతా నానబెట్టి, తొలి వానకు కుండీలో వేస్తే వానాకాలం చివరికి పూతకొస్తుంది. ఎండ బాగా పడే బాల్కనీ అయితే నాలుగో అంతస్తు అయినా ఫర్వాలేదు. మందు మాత్రం కొట్టకూడదు.