లేటెన్సీ కొలిచే ఆ టూల్ కొంటున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

ఏ టూలో చెప్పక్కర్లేదు. లోడ్ టెస్టింగూ (కావాలనే రిక్వెస్టులు గుప్పించి చూడటం), లైవ్ మానిటరింగూ రెండూ మా దగ్గరే అని ఊదరగొడుతూ ఏ వీడియో తెరిచినా ముందు ప్రకటనై తగులుతోందే, అదే. పేరు రాస్తే పోస్టు తీయించేస్తారట, అందుకే రాయడం లేదు. పచ్చ డాష్‌బోర్డు అంటే చాలు, మీలో సగం మందికి అర్థమైపోతుంది.

మాది ఈవెంట్లతో నడిచే సిస్టమ్. ఒకవైపు ఈవెంట్లు క్యూలోకి వచ్చి పడతాయి, ఇంకోవైపు కన్స్యూమర్లు వాటిని తీసుకుని పని పూర్తిచేస్తాయి. ఒక్కో ఈవెంట్‌కి ఎంతసేపు పడుతోంది (అదే లేటెన్సీ), సెకనుకి ఎన్ని దాటుతున్నాయి, ఈ రెండూ తెలిస్తే చాలు మాకు. డెమో చూసి మురిసిపోయి ఏడాది లైసెన్సు మొత్తం ముందే కట్టేశాం. బుద్ధి ఉన్నవాళ్లెవరూ చేయరు, సరే. రిలీజుకి ముందు టెస్టులో పీ99, అంటే 99వ పర్సంటైల్ (నూటికి 99 రిక్వెస్టులు ఇంతలోపే అయిపోతాయన్న అంకె) రెండు మిల్లీసెకన్లు చూపించింది. చప్పట్లు కొట్టుకున్నాం. రిలీజయ్యాక స్క్రీన్ తిరుగుతూనే ఉందని కస్టమర్లు తిట్టడం మొదలుపెట్టారు. డాష్‌బోర్డు మాత్రం పచ్చగా కళకళలాడుతూనే ఉంది.

సపోర్టువాళ్లతో కాల్ పెట్టాం. వచ్చిన పెద్దమనిషి గ్రాఫ్ చూసి, "మా వైపు అంతా బాగుందండీ, మీ యూజర్ల నెట్ స్లోగా ఉన్నట్టుంది" అన్నాడు. అందరి నెట్టూ కూడబలుక్కుని మా సర్వర్‌లో గార్బేజ్ కలెక్షన్ (వాడేసిన మెమరీని ఖాళీ చేసుకోవడం, అప్పుడు సర్వర్ కాసేపు ఆగొచ్చు) జరిగినప్పుడే స్లో అవుతుందా సార్ అని అడిగాను. కాసేపు చప్పుడు లేదు. తర్వాత అన్నాడు: "అసలు పర్సంటైల్ అంటే ఏంటో మీకు ఐడియా ఉందా?"

టీమంతా ఉన్న కాల్‌లో. మా మేనేజర్ వింటుండగా. పైగా మేం డబ్బు కట్టిన మనిషి!

ఉంది నాయనా, ఉంది. కాబట్టే ఆ రాత్రి కూర్చుని టెస్ట్ లాగులన్నీ బయటికి తీశాం. ఆ మాయ ఎలా జరుగుతుందో గుండ్రటి అంకెల్లో చెప్తాను. టూల్ 10 మిల్లీసెకన్లకి ఒక రిక్వెస్టు పంపాలి, అంటే సెకనుకి 100. మామూలుగా 2 మిల్లీసెకన్లలో జవాబు వస్తుంది. 20 సెకన్ల టెస్టులో మధ్యలో సర్వర్ 2 సెకన్లు బిగుసుకుపోయిందనుకోండి. ఆ 2 సెకన్లలో 200 రిక్వెస్టులు వెళ్లాలి. ఈ మహాతల్లి ఏం చేస్తుందంటే, ముందు పంపినదానికి జవాబు వచ్చేదాకా తర్వాతది పంపకుండా చేతులు కట్టుకుని కూర్చుంటుంది. దాని లెక్కలో 1800 రిక్వెస్టులు 2 మిల్లీసెకన్లవి, ఒక్కటే ఒక్కటి 2 సెకన్లది. పీ99 చూస్తే 2 మిల్లీసెకన్లు. పీ99.9 కూడా అంతే! సగటు 3 మిల్లీసెకన్లు. నిజంగా అయితే ప్రతి పది రిక్వెస్టుల్లో ఒకటి ఇరుక్కుంది, అసలు పీ99 దాదాపు 1.8 సెకన్లు. సర్వర్ ఎప్పుడు ఆగిపోతే అప్పుడే కొలవడం కూడా ఆపేసే టూల్‌ని మనం డబ్బిచ్చి కొనుక్కున్నామన్నమాట.

ఇదేమీ మేం కనిపెట్టింది కాదు. సాఫ్ట్‌వేర్ పనితీరు నిపుణుడు గిల్ టెనే దీనికి కోఆర్డినేటెడ్ ఒమిషన్ అని పేరు పెట్టి ఎన్నో ఏళ్లుగా చెబుతూనే ఉన్నాడు. కొలతలు అమ్ముకునే కంపెనీకి తెలియదంటే నమ్మాలా?

ఈ లెక్కంతా పంపితే వచ్చిన జవాబు: "అది బై డిజైన్." డాక్యుమెంట్లలో రాశారట. నిజమే, రాశారు, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ కింద ఫుట్‌నోట్‌లో.

లైవ్ మానిటరింగ్ సంగతి ఇంకా ఘోరం. అదే డాష్‌బోర్డులో ఓ మూల క్యూలో సగటున 50 ఈవెంట్లు ఉన్నాయంటుంది, సెకనుకి 100 వచ్చి 100 పోతున్నాయంటుంది. లిటిల్ సూత్రం ప్రకారం లోపల ఉన్నవి అంటే వచ్చే రేటును ఉండే సమయంతో గుణిస్తే వచ్చేవే. అలాంటప్పుడు ఒక్కో ఈవెంట్ సగటున అర సెకను క్యూలోనే పడి ఉన్నట్టు. పక్కనే లేటెన్సీ డబ్బాలో 3 మిల్లీసెకన్లు! ఎందుకంటే ఈవెంట్‌ని కన్స్యూమర్ చేతిలోకి తీసుకున్నాకే దీని టైమర్ మొదలవుతుంది. క్యూలో కాచుకున్న సమయం ఎవరి ఖాతాలోనూ లేదు. అడిగితే ఎండ్ టు ఎండ్ ఆప్షన్ (క్యూలో పడ్డప్పటి నుంచి పని పూర్తయ్యేదాకా కొలిచేది) ఆన్ చేసుకోమన్నారు. చేశాం. రెండు మెషీన్ల గడియారాలు కాస్త తేడాగా ఉండటంతో కొన్ని ఈవెంట్లకి మైనస్ సమయం వచ్చింది. అలా వస్తే హెచ్చరించాలి కదా? కిక్కురుమనకుండా వాటిని సున్నా చేసేసి పర్సంటైల్‌లో కలిపేస్తోంది. టైమవుట్ అయినవాటిని, అంటే గడువులోగా జవాబు రానివాటిని, అసలు లెక్కలోకే తీసుకోదు. పది సర్వర్ల పీ99లని కూడి పదితో భాగించి మొత్తం పీ99 అని పెద్ద అక్షరాలతో చూపిస్తుంది. తొమ్మిదింటికి 10 మిల్లీసెకన్లు, ఒకదానికి 1000 ఉంటే 109 అట. ఆ 109 ఏ యూజరు అనుభవమో దేవుడికే తెలియాలి. పర్సంటైల్స్‌ని సగటు తీయకూడదన్న సంగతి తెలియనివాడా నన్ను ఐడియా ఉందా అని అడిగింది!

రీఫండ్ అడిగాం. ఏడాది కాంట్రాక్టు, మధ్యలో కుదరదన్నారు. ఇంకో మెయిల్ పెడితే ఆటో రిప్లై వచ్చింది, సగటున ఒక్క రోజులో జవాబిస్తారట. సగటున! మాది ఆ పీ99 తోకలో పడ్డట్టుంది, ఇప్పటిదాకా అతీగతీ లేదు.

కొనాలనుకునేవాళ్లు ట్రయల్‌లోనే ఓ పని చేయండి. లోడ్ నడుస్తుండగా మీ సర్వర్ ప్రాసెస్‌కి సిగ్‌స్టాప్ (ఆపేసే సిగ్నల్) పంపి, రెండు సెకన్లాగి సిగ్‌కాంట్ (మళ్లీ నడిపించే సిగ్నల్) పంపండి. టెస్ట్ చిన్నదిగా, ఓ 20 సెకన్లు ఉండేలా చూసుకోండి. పీ99 ఎగిరి గంతేయకపోతే ఆ టూల్ వద్దు. టైమర్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో, టైమవుట్లని ఏం చేస్తారో రాతపూర్వకంగా అడగండి, ఫోన్‌లో చెప్పింది నమ్మకండి. నిలకడ రేటుతో లోడ్ పెట్టడానికి డబ్ల్యూఆర్‌కే2 అనే టూల్, అంకెలు నమోదు చేసుకోవడానికి హెచ్‌డీఆర్ హిస్టోగ్రామ్ అనే లైబ్రరీ ఉచితంగానే దొరుకుతాయి, మేం ఇప్పుడు వాటితోనే నెట్టుకొస్తున్నాం. డబ్ల్యూఆర్‌కే2 హెచ్‌టీటీపీకి (వెబ్ రిక్వెస్టులకి) మాత్రమే పనికొస్తుంది, క్యూ వైపు కొలవడానికి సొంతంగా చిన్న స్క్రిప్ట్ రాసుకోవాల్సి వచ్చింది. ఆ కంపెనీతో ఇదివరకు రీఫండ్ రాబట్టినవాళ్లెవరైనా ఉంటే ఎలా రాబట్టారో కాస్త చెప్పండి.