ఈఎస్‌పీ32-క్యామ్: బ్యాటరీ మీద నడపాలంటే సోల్డరింగ్ తప్పదు

వై-ఫై ఉన్న ఈఎస్‌పీ32 చిప్ డేటాషీట్‌లో డీప్ స్లీప్‌కి (దాదాపు అన్నీ ఆపేసి నిద్రపోయే స్థితికి) 10 మైక్రోయాంపులు అని చూసి, నెలల తరబడి నడిచే వైర్‌లెస్ కెమెరా చేద్దామని చాలామంది ఆ చిప్, కెమెరా కలిపి ఉన్న ఏఐ-థింకర్ కంపెనీ ఈఎస్‌పీ32-క్యామ్ బోర్డు కొంటారు. అదే డీప్ స్లీప్‌కి బోర్డు స్పెసిఫికేషన్‌లో రాసింది 6 మిల్లీయాంపులు. 600 రెట్లు! 2500 ఎంఏహెచ్ 18650 లిథియం సెల్ ఒక్క ఫొటో కూడా తీయకుండానే 17 రోజుల్లో ఖాళీ.

అసలు దొంగ బోర్డు మీద 5 వోల్టులను 3.3కి తగ్గించే ఏఎంఎస్1117 రెగ్యులేటర్. ఏ పనీ లేకపోయినా దానికే 5 మిల్లీయాంపుల దాకా పోతుంది. పైగా అవుట్‌పుట్ కన్నా ఇన్‌పుట్ సుమారు 1.1 వోల్టు ఎక్కువ ఉంటేనే సరిగ్గా పనిచేస్తుంది. 3.7 వోల్టుల సెల్‌ని నేరుగా 5 వోల్టుల పిన్‌కి కలిపితే చిప్‌కి 2.6 దగ్గర అందుతుంది. వై-ఫై ఆన్ అవగానే బ్రౌనౌట్ (వోల్టేజీ మరీ పడిపోవడం), రీసెట్, మళ్లీ బ్రౌనౌట్. కోడ్‌లో బ్రౌనౌట్ డిటెక్టర్ ఆపేయమనే సలహా మాత్రం వినకండి, ఎస్‌డీ కార్డులో ఫైళ్లు పాడవుతాయి.

ఏఎంఎస్1117ని హాట్ ఎయిర్‌తో తీసేసి, ఏపీ2112కే-3.3 అనే రెగ్యులేటర్ నుంచి 3.3 వోల్టుల పిన్‌కి సప్లై ఇవ్వండి. అది తాను వాడుకునేది 55 మైక్రోయాంపులే, ఇచ్చేది 600 మిల్లీయాంపులు. హెచ్‌టీ7333 రెగ్యులేటర్ ఇంకా పొదుపే గానీ 250 మిల్లీయాంపుల దగ్గరే ఆగిపోతుంది. వై-ఫై ట్రాన్స్‌మిట్ ఒక్కటే 240 లాగుతుంటే కెమెరాకి మిగిలేదేంటి? పిన్ పక్కనే 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ కూడా పెట్టండి.

ఇంత చేసినా స్లీప్ కరెంటు దిగకపోతే కెమెరా మీద అనుమానపడాలి. నిద్రకు ముందు కెమెరాని ఆపే జీపీఐఓ 32 పిన్‌ని హైలో పెట్టి, నిద్రలోనూ అలాగే ఉండేలా హోల్డ్ చేయకపోతే ఓవీ2640 కెమెరా మేలుకునే ఉంటుంది. జీపీఐఓ 4 ఫ్లాష్ ఎల్ఈడీకీ, ఎస్‌డీ కార్డుకీ ఉమ్మడి. అందుకే ఫైల్ సేవ్ అయినప్పుడల్లా లైటు మిణుకుమంటుంది. కార్డుని 1-బిట్ మోడ్‌లో (ఒకే డేటా లైన్‌తో) వాడితే ఆ గోల ఉండదు, జీపీఐఓ 13 కూడా ఖాళీ అవుతుంది. కదలిక కనబడగానే నిద్ర లేపే ఏఎం312 పీఐఆర్ సెన్సర్‌ని దానికే కలపండి. జీపీఐఓ 12 జోలికి మాత్రం వెళ్లొద్దు, బూట్ సమయంలో అది హైలో ఉంటే బోర్డు లేవదు.

బోర్డు మీద యూఎస్‌బీ పోర్టు లేదు కాబట్టి, ఆ పోర్టు ఉన్న ఎంబీ బేస్‌తో కలిపి ఉన్న సెట్టే తీసుకోండి. అడాప్టర్ మీద నడిపేవాళ్లు కళ్లుమూసుకుని కొనొచ్చు. సోల్డరింగ్ రానివాళ్లు బ్యాటరీ ఆలోచన మానుకోవడమే మేలు.

ఛార్జింగ్‌కి టీపీ4056 ఛార్జర్ మాడ్యూల్ చాలు. కానీ మామూలుగా దాని మీద ఉండే 1.2 కిలోఓమ్ రెసిస్టర్ 1 యాంపు పంపుతుంది. 500 ఎంఏహెచ్ పౌచ్ సెల్ వాడితే 5 కిలోఓమ్ వేయండి, 250 మిల్లీయాంపులకు దిగుతుంది.