సెమినరీ చదువు సంఘంలో ఎంత నిలబడింది: బి.డి.పై నా సమీక్ష

పాస్టర్ పనికి బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, వేదాంత డిగ్రీ) తప్పనిసరా, అన్నేళ్లు చదవాలా, ఎక్కడ చేరితే మంచిది అని డిగ్రీ ముగించిన యువకులు ప్రతి వేసవిలోనూ అడుగుతుంటారు. ఫోన్లో నాలుగు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. నేను డిగ్రీ తర్వాత నాలుగేళ్ల బి.డి. చేసి, చాలా ఏళ్లుగా సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాల్లో, అంటే చర్చిల్లో, పనిచేస్తున్నాను. పల్లెల్లో చేశాను, టౌన్‌లోనూ చేశాను. క్లాసులో నేర్చుకున్న ప్రతిదానికీ పనిలో పరీక్ష జరిగింది.

నా మాట ముందే చెప్పేస్తాను. చదవండి. అయితే ఈ చదువులో సగం బరువు శని, ఆదివారాల్లో సంఘాలకు వెళ్లే ఫీల్డ్ వర్క్ మీదే ఉంటుంది. దాన్ని శ్రద్ధగా చూసే సెమినరీనే, అంటే పాస్టర్లను తయారుచేసే కాలేజీనే, ఎంచుకోండి.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. మన దేశంలో ప్రొటెస్టెంట్ సంఘాలు ఎక్కువగా నమ్ముకునే పట్టా సెరాంపూర్ సెనేట్ ఇచ్చే బి.డి. హుగ్లీ నది ఒడ్డున బెంగాల్‌లోని సెరాంపూర్‌లో కేరీ, మార్ష్‌మన్, వార్డ్ అనే మిషనరీలు కలిసి 1818లో కాలేజీ పెట్టారు. ఆ ఊరు అప్పట్లో డెన్మార్క్ ఏలుబడిలో ఉండేది. అందుకే పట్టాలిచ్చే అధికారం 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన చార్టర్‌తో వచ్చింది. ఇప్పుడు దేశమంతటా సెమినరీలు దానికి అనుబంధంగా నడుస్తున్నాయి. ఇంటర్ తర్వాత చేరితే ఐదేళ్లు, డిగ్రీ ఉంటే నాలుగేళ్లు. ఇవాంజెలికల్ వైపు సెమినరీలు చాలావరకు మూడేళ్ల ఎం.డివ్. (మాస్టర్ ఆఫ్ డివినిటీ) నడుపుతాయి, వాటికి ఆసియా థియలాజికల్ అసోసియేషన్ గుర్తింపు ఉంటుంది. మీ సంఘం ఏ పట్టాను ఒప్పుకుంటుందో చేరకముందే కనుక్కోండి. చదువంతా అయ్యాక ఆర్డినేషన్ (పాస్టర్‌గా నియమించే అభిషేకం) దగ్గర ఇబ్బంది పడినవాళ్లు నాకు తెలుసు.

పాత నిబంధన, కొత్త నిబంధన క్లాసులు నాకు ఇప్పటికీ అన్నం పెడుతున్నాయి. ఒక వాక్యభాగాన్ని ఎవరు, ఎవరికి, ఏ కష్టంలో రాశారో చూసి చదవడం అక్కడే అబ్బింది. ప్రవక్తల పుస్తకాలను కేవలం భవిష్యత్తు చెప్పే పుస్తకాలుగా విన్న కుటుంబం నుంచి వచ్చాను. ఆమోసు తన కాలపు వ్యాపారుల తప్పుడు తూకాల మీద మాట్లాడుతున్నాడని సార్ పాఠం చెప్పినప్పుడు మా ఊరి పత్తి కాటా కళ్ల ముందు కనిపించింది. ఆ తర్వాత ఆ పుస్తకం మీద నేను చేసిన ప్రసంగాలన్నింటికీ ఆ క్లాసే మూలం. గ్రీకు ఒక ఏడాది చదివాను. ఇప్పుడు నిఘంటువు లేకుండా చదవలేను, అయినా ఏ వ్యాఖ్యానం నమ్మదగిందో తేల్చుకోవడానికి అది చాలు.

ప్రసంగం నేర్పిన తీరు మీద మాత్రం నాకు అసంతృప్తి ఉంది. చదివేది ఇంగ్లీషు, పరీక్ష ఇంగ్లీషు, ప్రసంగం ప్రాక్టీసు కూడా ఎక్కువగా ఇంగ్లీషే. మేము పనిచేయాల్సిన చోట కూలి నుంచి వచ్చి, స్నానం చేసి, రాత్రి ఎనిమిది దాటాక గృహ కూడికకు వచ్చేవాళ్లు ఉంటారు. వాళ్ల ముందు మూడు పాయింట్ల ఇంగ్లీషు నోట్సు తెరిచి తెలుగులో చెప్పబోతే వాక్యం కాళ్లీడుస్తుంది. తెలుగులో ఆలోచించి తెలుగులోనే ప్రసంగం రాసుకోవడం నాకు మా మొదటి సంఘంలోని స్త్రీల సమాజం పెద్దమ్మలు నేర్పారు. వాళ్ల ప్రార్థనలు వింటే చాలు, ఏ మాట ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

సంఘ చరిత్ర ఎందుకులే అనుకునేవాళ్లకు ఒక్క ఉదాహరణ చెబుతాను. 1876-78 కరువు తర్వాత, 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. మిషనరీ క్లౌ పేరు అందరికీ తెలుసు. ఆ రోజు నీళ్లలో నిలబడి బాప్తిస్మాలు ఇచ్చింది మాత్రం దేశీయ బోధకులు. వాళ్ల వెనక ఎర్రగుంట్ల పేరయ్య లాంటివాళ్ల నడక ఉంది. తోళ్ల వ్యాపారి అయిన ఆయన ఊరూరా తిరిగి తన బంధువులకు సువార్త చెప్పాడు. ఈ సంగతి క్లాసులో విన్నాక నా పని గురించి నా ఆలోచన మారింది. పల్లెలో సంఘం పెద్దను కేవలం చందా వసూలు చేసేవాడిగా చూడటం ఆగిపోయింది. నాకు ఆ ఊరి దారి చూపించేది అతనే.

ఇక వెల్లూరు ఆసుపత్రిలో చేసిన శిక్షణ సంగతి. ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం అదే.

క్లినికల్ పాస్టోరల్ ఎడ్యుకేషన్, అంటే సి.పి.ఇ., ఆసుపత్రి వార్డుల్లో రోగులను చూస్తూ నేర్చుకునే శిక్షణ. అమెరికాలో మసాచుసెట్స్‌లోని ఒక మానసిక వైద్యశాలలో 1925లో ఆంటన్ బోయిసెన్ అనే పాస్టర్ మొదలుపెట్టాడు. తానే మానసిక రోగిగా ఆసుపత్రిలో ఉండి వచ్చిన మనిషి ఆయన. జబ్బుపడ్డ మనుషుల్ని కూడా పుస్తకాలంత శ్రద్ధగా చదవాలని పట్టుబట్టాడు. మన దగ్గర వెల్లూరు సీఎంసీలో (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో) ఈ శిక్షణ ఉంది. నేను సెలవుల్లో కొన్ని వారాలు వెళ్లి చేశాను.

పొద్దున వార్డుకు వెళ్తాం, రోగితో మాట్లాడతాం. తిరిగొచ్చాక ఆ సంభాషణను గుర్తున్నంత వరకు మాటకు మాట రాయాలి. దాన్ని వెర్బేటిమ్ అంటారు. రోగి ఒకటి, చాప్లిన్ (ఆసుపత్రి పాస్టర్, అంటే ఇక్కడ మేము) ఒకటి, రోగి రెండు, చాప్లిన్ రెండు అని నంబర్లు వేసి, మధ్యలో మౌనం ఉంటే మౌనమనీ, నవ్వితే నవ్వాడనీ రాయాలి. మర్నాడు గ్రూపులో అందరి ముందు చదవాలి. ఈ చదవడం దగ్గర వచ్చే టెన్షన్ ఏ పరీక్షలోనూ రాదు.

మా గ్రూపులో ఒక మిత్రుడు చిత్తూరు జిల్లా రైతును చూసి వచ్చాడు. షుగర్ వల్ల పాదం కుళ్లి, మోకాలి కింద తీసేయాలని డాక్టర్లు చెప్పారు. వెర్బేటిమ్‌లో రోగి రెండో మాట ఇది: "కాలు తీసేస్తే సేద్యం ఎట్ల సామీ, మడికాడికి ఎట్ల పోయేది?" దానికి మా మిత్రుడి జవాబు: "దేవుడు మిమ్మల్ని విడిచిపెట్టడండీ, ప్రార్థన చేద్దాం." ఆ తర్వాత రోగి మాటలు 'ఊ', 'సరే' దగ్గర ఆగిపోయాయి. సూపర్‌వైజర్ ప్రార్థనను తప్పు పట్టలేదు. కాగితం మీద ఆ రెండో మాట కింద గీత గీసి, "ఈయన మడి గురించి అడిగాడు కదా, ఆ మడి ఎంత, ఇప్పుడు ఎవరు చూస్తున్నారు?" అని మాత్రం అడిగారు. మా ఎవరి దగ్గరా జవాబు లేదు. మర్నాడు మిత్రుడు మళ్లీ వెళ్లి మడి గురించే మాట్లాడాడు. ఆ రైతు అల్లుడితో ఉన్న తగాదా, కౌలుకు ఇవ్వడం ఇష్టం లేకపోవడం, నీళ్ల వంతు, అన్నీ చెప్పుకొచ్చి చివర్లో తనే ప్రార్థన చేయమని అడిగాడట.

పాస్టరల్ కౌన్సెలింగ్ పుస్తకం మొత్తం చదివినా నాకు అంత అర్థం కాలేదు. ఇప్పటికీ ఇళ్ల దర్శనానికి వెళ్లొచ్చిన రాత్రి ఒకటి రెండు సంభాషణలు నోట్‌బుక్‌లో ఇలాగే రాసుకుంటాను, పేర్లు లేకుండా. ఎక్కడ నేను మాట మార్చానో కాగితం మీద కనిపిస్తుంది. ఎవరైనా చనిపోయిన ఇంట్లో పెట్టే ఆదరణ కూడికలో ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో కూడా ఈ అలవాటే నేర్పింది. మీరు ఏ సెమినరీలో చేరినా ఈ శిక్షణ ఒక్కటీ వదులుకోవద్దు. మీ కాలేజీ పంపకపోతే మీరే అడిగి వెళ్లండి.

ఇప్పుడు ఆ చదువులో లేనివాటి గురించి చెబుతాను. కానుకల లెక్కలు, వోచర్లు, ఆడిట్ ఎవరూ నేర్పలేదు. సంఘం స్థలానికి సర్వే నంబరు ఎక్కడ చూడాలో, సమాధుల తోట పక్కవాడు గట్టు జరిపితే ఎవరికి అర్జీ పెట్టాలో నేర్పలేదు. సీఎస్ఐ ఆస్తులు ట్రస్ట్ అసోసియేషన్ పేరు మీద ఉంటాయన్న సంగతి చాలామంది కొత్త పాస్టర్లకు మొదటి గొడవ వచ్చినప్పుడే తెలుస్తుంది. పెళ్లి చేయడానికి ఆరాధన క్రమం నేర్పారు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద రిజిస్టర్ ఎలా నింపాలో, వయసు రుజువు ఏది తీసుకోవాలో చెప్పలేదు. ఇవి రెండు రోజుల వర్క్‌షాప్‌లో అయిపోయే పనులు. అనుభవమున్న ఒక పాస్టర్‌నూ, ఒక ఆడిటర్‌నూ పిలిచి కూర్చోబెడితే చాలు.

బాప్తిస్మం రిజిస్టర్ సంగతి మాత్రం వర్క్‌షాప్‌తో తీరేది కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఇచ్చారు, మనకు ఇవ్వలేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఎస్సీల్లోంచి క్రైస్తవులైనవాళ్లు బీసీ-సీ కిందికి వస్తారు. ఒక సాయంత్రం ఒక తల్లి వచ్చి, "పిల్లోడికి బాప్తిస్మం ఇవ్వండి అయ్యగారూ, పుస్తకంలో మాత్రం పేరు రాయొద్దు" అంది. కొడుకు డిగ్రీ చివరి సంవత్సరం, పేరు రాస్తే ఎస్సీ హోదా పోతుందని ఆమె భయం. రాయకుండా ఇవ్వలేనని చెప్పాను. ఆమె వెంటనే లేచి వెళ్లిపోలేదు. "దేవుడికి తెలిస్తే చాలదా, పుస్తకానికి కూడా తెలియాలా?" అని అడిగింది.

అరవింద్ నిర్మల్ అనే వేదాంతి 1980ల మొదట్లో బెంగళూరు నుంచి దళిత వేదాంతం గురించి మాట్లాడటం మొదలుపెట్టిన సంగతి మాకు ఒక పేపర్‌గా ఉండేది. మార్కుల కోసమే చదివానని చాలా రోజులు అనుకున్నాను. ఆ తల్లి అలా అడిగినప్పుడు అదే నాకు ఆసరా అయింది. ఆమె విశ్వాసాన్ని కొలవబోకుండా, ఆమెకు జరుగుతున్న అన్యాయాన్ని ముందు ఒప్పుకోగలిగాను. అయితే అలాంటి ప్రశ్నకు ఒక పాస్టర్ ఏం చేయాలో క్లాసులో చర్చ జరగలేదు. సంఘాల్లో మాల, మాదిగ తేడాలు కమిటీ ఎన్నికల దాకా వస్తాయని తెలిసిన అధ్యాపకులు కూడా పాఠం దగ్గర ఆ మాట ఎత్తేవారు కాదు. విద్యార్థులు హాస్టల్ గదుల్లో మాట్లాడుకునేవాళ్లు. ఆ మాటలు క్లాసులోకి రావాలి. వేదాంత విద్యకు ఇంతకంటే ముఖ్యమైన పాఠం మన తెలుగు ప్రాంతంలో ఇంకొకటి ఉందని నేను అనుకోను.

ఆడపిల్లలు చేరవచ్చా అని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. తప్పకుండా చేర్చండి. 2013లో పుష్పలలితగారు నంద్యాల డయాసిస్‌కు (ఒక బిషప్ కింద ఉండే సంఘాల ప్రాంతానికి) బిషప్ అయ్యారు, సీఎస్ఐలో మొదటి మహిళా బిషప్ ఆవిడే. మా క్లాసులో గ్రీకు, వేదాంతం రెండింటిలోనూ ముందున్నది ఆడపిల్లలే. తర్వాత పోస్టింగుల దగ్గరే వాళ్లు ఎక్కువ కాలం ఎదురుచూశారు. కాబట్టి మీ డయాసిస్‌లో మహిళా పాస్టర్లకు సంఘాలు నిజంగా ఇస్తున్నారో లేదో విచారించుకుని పంపండి.

పెళ్లయి చదువుకు వచ్చేవాళ్లకు ఒక మాట. దోర్నకల్‌లో అజరయ్య బిషప్ కాలంలో పల్లె బోధకుల భార్యలకు కూడా శిక్షణ ఇచ్చేవారు. ఇప్పుడు సంఘంలో స్త్రీల సమాజం, సండే స్కూల్, ఏ వేళకు ఎవరొచ్చినా అన్నం, సగం కౌన్సెలింగ్ పాస్టరమ్మలే మోస్తున్నారు. వాళ్లకు శిక్షణ ఇచ్చే ఏర్పాటు సెమినరీలో ఉందా అని అడగండి. ఉంటే మీ ఇంట్లో ఇద్దరికీ ఆ ఏళ్లు దక్కుతాయి.

క్యాంపస్ చూడటానికి వెళ్లినప్పుడు లైబ్రరీ తప్పక చూడండి. అక్కడితో ఆగకుండా ఫీల్డ్ వర్క్ ఎవరు చూస్తారో అడగండి. విద్యార్థి వెళ్లిన సంఘానికి ఆ అధ్యాపకుడు కూడా ఏడాదిలో ఒకసారైనా వస్తాడా, వచ్చాక విద్యార్థితో కూర్చుని మాట్లాడతాడా, లేక పాస్టర్ సంతకం ఉన్న ఫారం తీసుకుని మార్కులు వేస్తాడా? ఈ ప్రశ్నకు మూడో ఏడాది, నాలుగో ఏడాది విద్యార్థులు మెస్‌లో చెప్పే జవాబునే నమ్మండి. ఎం.టిహెచ్. (మాస్టర్ ఆఫ్ థియాలజీ, బి.డి. తర్వాతి పై చదువు) ఆలోచన ఉంటే బి.డి. కాగానే చేరకండి. కొన్నేళ్లు సంఘంలో పనిచేశాక వెళ్తే ఏ విభాగం తీసుకోవాలో మీకే తెలుస్తుంది.