బియ్యం సంగతి సరే, కార్డు సంగతి చెప్తాను

రేషన్ బియ్యం తినొచ్చా అని అడిగేవాళ్లకి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. తింటున్నాం, ఏళ్ల తరబడి తింటున్నాం, ఏమీ కాలేదు. కష్టమంతా కార్డు దగ్గరే. కార్డు రావడం ఒక ఎత్తు, వచ్చిన కార్డు పోకుండా చూసుకోవడం ఇంకో ఎత్తు.

మాది రాజాం వైపు పల్లె. బియ్యం కార్డు చేతికి వచ్చేనాటికి శ్రీకాకుళం జిల్లా, 2022 ఏప్రిల్‌లో మమ్మల్ని విజయనగరంలో కలిపారు. మా ఆయనది తాపీ పని. నేను జాకెట్లు కుడతాను, ఉభాలకీ (వరి నాట్లకీ) కోతలకీ పొలానికి వెళ్తాను. ఇంట్లో మా అత్త, ఇద్దరు ఆడపిల్లలు.

రూల్స్ చూస్తే మాలాంటి వాళ్లకి అడ్డు ఏమీ లేదనిపిస్తుంది. పల్లెలో నెల ఆదాయం 10 వేలు, పట్నంలో 12 వేలు దాటకూడదు, మాగాణి 3 ఎకరాల లోపు, మెట్ట అయితే 10 ఎకరాల లోపు ఉండాలి, కారు ఉండకూడదు, ఆటో, ట్యాక్సీ, ట్రాక్టర్ ఉంటే ఫర్వాలేదు, ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్లు గానీ ప్రభుత్వ ఉద్యోగి గానీ ఇంట్లో ఉండకూడదు (పారిశుధ్య కార్మికులకి మినహాయింపు ఉంది), కరెంటు నెలకి సగటున 300 యూనిట్లు దాటకూడదు. మాకు ఎకరం కూడా లేదు, కారు సంగతి దేవుడెరుగు. అయినా మా కార్డు ఒకసారి ఆగిపోయింది, అదీ కరెంటు దగ్గర!

జరిగిందేంటంటే, పని కోసం ఒక ఏడాది పట్నంలో రెండు గదులు అద్దెకి తీసుకున్నాం. ఆ ఇంటాయనకి మీటర్లు నాలుగు. అందులో కింద కూల్‌డ్రింకుల షాపు మీటరు ఎలా తగిలించారో గానీ మా ఆయన ఆధార్‌కి తగిలించి ఉంది. రెండు ఫ్రిజ్‌లు రాత్రీ పగలూ తిరిగే షాపది. మేం ఖాళీ చేసి ఊరికి వచ్చేశాక కూడా ఆ యూనిట్లు మా లెక్కలోనే పడుతున్నాయి. నా కుట్టుమిషన్ కాలితో తొక్కేది, దానికి కరెంటే అక్కర్లేదు, ఇంట్లో ఉన్నవి రెండు ఫ్యాన్లు, మూడు బల్బులు. అయినా కంప్యూటర్లో మేం 400 యూనిట్లు కాల్చే ఆసాములం.

అక్కడ నేను చేసిన తప్పు చెప్తాను, మీరు చేయకండి. గ్రామ సచివాలయంలో "అనర్హులు అని వచ్చిందమ్మా" అనగానే ఏడుపు మొహం పెట్టుకుని ఇంటికి వచ్చేశాను. అలా రాకూడదు. పైన చెప్పినలాంటి రూల్స్ ఒక్కొక్కటే సరిచూస్తారు, ఆరు మెట్ల పరిశీలన అంటారు దాన్ని. ఏ మెట్టు మీద ఆగిందో అడగాలి, స్క్రీన్ మీద చూపించమనాలి. రెండోసారి వెళ్లి అడిగితేనే కరెంటు అని తెలిసింది, సర్వీసు నంబరు కూడా రాసిచ్చారు. ఆ నంబరు పట్టుకుని కరెంటు ఆఫీసుకి నాలుగుసార్లు తిరిగి, ఈ మీటరు వీళ్లది కాదు అని కాగితం రాయించుకుని, దాంతో మళ్లీ అర్జీ పెట్టుకున్నాం. మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ కిలో నలభై పైచిలుకు పెట్టి బియ్యం కొన్నాం. మా ఆయన ఇంటాయన మీద కోపంతో ఊగిపోయారు గానీ, ఆ మనిషికి కూడా తెలిసి చేసింది కాదనే నా అనుమానం.

రెండో గొడవ చిన్నపిల్లది. 2021లో పుట్టింది. పుట్టగానే కార్డులో ఎక్కించాల్సింది, ఆధార్ లేదని ఆగాం. ఆధార్ వచ్చాక చూస్తే పుట్టిన సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంది. అది దిద్దించేసరికి ఎన్నికలొచ్చాయి, అర్జీలు తీసుకోవడం ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది 2025 మే నెలలో. మొదటి వారంలోనే వెళ్లాను, 24 రూపాయలు కట్టించుకుని రసీదు ఇచ్చారు. సచివాలయంలో ఉండే డిజిటల్ అసిస్టెంట్ కంప్యూటర్లో ఎక్కించాక వీఆర్వో దగ్గరికి, అక్కడి నుంచి తహసీల్దార్ దగ్గరికి వెళ్తుంది. 21 రోజుల్లో అవుతుందన్నారు, మాకు ఇంకో రెండు వారాలు ఎక్కువే పట్టింది. ఐదేళ్ల లోపు పిల్లలకి ఈకేవైసీ (వేలిముద్ర వేసి ఆధార్ సరిచూసుకోవడం) అక్కర్లేదు, అదొక్కటే సుఖం. మనిషికి నెలకి 5 కిలోలు కాబట్టి, పేరు లేని అన్నాళ్లూ పిల్ల వాటా రానట్టే. లెక్క వేస్తే కడుపు మండుతుంది, అందుకే వెయ్యలేదు.

ఇక బియ్యం. కిలో రూపాయి ఉండేది, 2023 జనవరి నుంచి ఉచితం. కరోనా అప్పుడు మనిషికి ఇంకో ఐదు కిలోలు అదనంగా ఇచ్చారు, పనులన్నీ ఆగిపోయిన ఆ రోజుల్లో మా ఇంట్లో పొయ్యి వెలిగిందంటే అందువల్లే. 2019 సెప్టెంబర్‌లో నాణ్యమైన బియ్యం సంచుల్లో కట్టి ఇంటికి ఇవ్వడం రాష్ట్రంలో ముందు శ్రీకాకుళంలోనే మొదలుపెట్టారు, ఆ సంచులు ఇప్పటికీ మా అటక మీద ఉన్నాయి, చింతపండు దాచడానికి బాగుంటాయి.

మధ్యలో బియ్యంలో తెల్లగా వేరేగా ఉండే గింజలు కనబడితే ఊరంతా ప్లాస్టిక్ అని గోల. మా అత్త చేటలో పోసుకుని ఒక్కోటీ ఏరి పారేసేది. అవి ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి చేసిన గింజలు, వంద గింజలకి ఒకటి చొప్పున కలిపేవారు, నీళ్లలో వేస్తే కొన్ని తేలతాయి. ఆ సంగతి మా ఆశా కార్యకర్త వచ్చి చెప్పేదాకా బలాన్ని ఏరి కోళ్లకి వేశాం. అన్నం వేడిగా ఉన్నప్పుడు పర్వాలేదు, చల్లారితే బిరుసు. మేం రాత్రికి వండి పొద్దున్న చద్దన్నంగా ఉల్లిపాయ నంజుకుని తింటాం, దోసెలకి పిండి రుబ్బుతాం. కొంతమంది పది పన్నెండు రూపాయలకి అమ్మేస్తారు. నేరమే, కానీ పిల్ల స్కూలు బ్యాగుకి అమ్ముకున్న మనిషిని నేను తిట్టలేను.

2021లో రేషన్ ఇంటింటికీ ఇవ్వడానికి వచ్చిన బండి నాకు నచ్చలేదు. అది ఏ రోజు ఏ టైముకి వస్తుందో తెలియక కూలి మానుకుని కూర్చోవాలి. 2025 జూన్ 1 నుంచి మళ్లీ డిపోలోనే, నెలలో 15వ తేదీ దాకా, పొద్దున్న 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8. పొలం నుంచి వచ్చి తెచ్చుకోవచ్చు, నాకిదే మేలు. మా అత్తకి మాత్రం బండే ఇష్టం. ఆవిడ ఒకసారి మిషన్ మీద వేలు వేస్తే ఎన్నిసార్లు నొక్కినా పడలేదు. "నా ఏలు అరిగిపోనాది గానీ ఆకలి అరగలేదు కదేటి బాబూ" అంది, డీలరుతో సహా అందరూ నవ్వారు. తర్వాత కన్ను స్కాన్ చేస్తే మిషన్ పట్టింది.

మా ఆయన గాజువాకలో పనికి వెళ్లినప్పుడు అక్కడి డిపోలో ఒకసారి ఈ కార్డు మీదే బియ్యం తీసుకున్నారు, పని చేసింది. నాకు చెప్పలేదు. నేనిక్కడ సంచి పట్టుకెళ్తే ఈ నెలది అయిపోయిందన్నారు. ఆ రోజు ఫోన్‌లో జరిగింది ఇక్కడ రాయను.

కార్డు అక్కర్లేదు, బియ్యం కొనుక్కుంటాం అనేవాళ్లు కూడా కార్డు వదలరు, ఎందుకో చెప్తాను. 2024 నవంబర్‌లో ఇచ్ఛాపురం దగ్గర ఈదుపురంలో మొదలైన దీపం-2 గ్యాస్ పథకం, ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం, దానికి కూడా ఈ కార్డే చూస్తారు. మొన్న క్యూఆర్ కోడ్ ఉన్న చిన్న కార్డు ఇచ్చారు, ఏటీఎం కార్డంత ఉంది, ఏ నాయకుడి ఫొటో లేదు. అందులో మా ఐదుగురి పేర్లూ సరిగ్గా ఉన్నాయి. కందిపప్పు మాత్రం కిలో 67 అని బోర్డు మీద రాసి ఉంటుంది, అడిగితే వచ్చే నెల అంటారు. నేను ఇప్పటికి మూడు వచ్చే నెలలు చూశాను.