ఎలుక తోక కొల్లాజెన్: సరుకు బాగుంది, రవాణాయే గండం

త్రీడీ కల్చర్‌కి (కణాల్ని జెల్ లోపల పెంచడానికి) టైప్ 1 కొల్లాజెన్ అనే ప్రొటీన్ వెతికేవాళ్లకి, ఆమ్లంలో తీసిన ఈ ఎలుక తోక ద్రావణం వాడమని ధైర్యంగా చెప్పొచ్చు. పెప్సిన్ అనే ఎంజైమ్‌తో తీసిన రకాల్లో కొల్లాజెన్ అణువు చివర్లలోని చిన్న తునకలు (టెలోపెప్టైడ్లు) తెగిపోతాయి. ఇందులో అవి పదిలం, అందుకే జెల్ త్వరగా, గట్టిగా తోడుకుంటుంది.

సీసా మీద మి.లీ.కి 8 మి.గ్రా. అని ఉందనుకోండి. మి.లీ.కి 2 మి.గ్రా. ఉండే జెల్ 1 మి.లీ. కావాలంటే 10ఎక్స్ పీబీఎస్ (పది రెట్లు గాఢమైన ఉప్పు బఫర్) 100 మైక్రోలీటర్లు, చల్లటి నీళ్లు 644, 1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ 5.75 (కొల్లాజెన్ పరిమాణాన్ని 0.023తో హెచ్చించాలి) కలిపి, చివర్లో కొల్లాజెన్ 250 పోయాలి. కణాలు వేస్తే వాటి ద్రవాన్ని నీళ్లలోంచి తగ్గించుకోవాలి. అన్నీ ఐస్ మీదే. తర్వాత 37 డిగ్రీల్లో 30–40 నిమిషాలు, కదపకుండా. సాంద్రత లాట్‌కో రకంగా ఉంటుంది, పాత లెక్క పనికిరాదు.

ద్రావణం తేనెలా చిక్కన. పిపెట్ టిప్ కొస కత్తిరించి నెమ్మదిగా లాగకపోతే బుడగలు చేరతాయి, కొలతా తప్పుతుంది. ఐస్ మీంచి తీసి కలిపితే మధ్యలోనే ఉండలు కడుతుంది. పీహెచ్ 7.4కి రాకపోతే సరిగ్గా తోడుకోదు. ఫీనాల్ రెడ్ (ఆమ్లం ఉంటే పసుపయ్యే రంగు) ఉన్న మీడియం వాడితే పసుపు రంగే ఆ సంగతి చెప్పేస్తుంది. ఫైబ్రోబ్లాస్టులు (బంధన కణజాలపు కణాలు) వేసిన జెల్ కొద్ది రోజుల్లో అంచులు వదిలి ముడుచుకుంటే సరుకుని తిట్టకండి, అది కణాల లాగుడు.

బలం మాత్రం ఆశించకూడదు, ఫోర్సెప్స్‌తో ఎత్తితే చిరుగుతుంది. 2022లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ త్రీడీ ప్రింట్ చేసిన కార్నియాకి (కంటి ముందున్న పారదర్శక పొర) వాడింది కణాలు తీసేసిన మనిషి కార్నియా మ్యాట్రిక్స్‌ని. ఆ స్థాయి పనికి ఈ సీసా చాలదు. పరిశోధనకే అమ్ముతారు, పుండ్ల మీద వాడేది కాదు.

అసలు తలనొప్పి డెలివరీ. మే ఎండలో శామీర్‌పేట దాకా వచ్చే పెట్టెలో ఐస్ కరిగిపోతే కొల్లాజెన్ పేటలు విడిపోయి జెలటిన్ అవుతుంది. చూడ్డానికి తేడా ఉండదు, 37 డిగ్రీల్లో మాత్రం నీళ్లే. గడ్డకట్టిన ఐస్ ప్యాక్ సీసాకి ఆనించి పంపినా చెడుతుంది, 2–8 డిగ్రీలే దీనికి సరి. అందుకే సీసా అందిన రోజే కణాలు లేకుండా 200 మైక్రోలీటర్లు తోడుపెట్టండి. 40 నిమిషాలకి ట్యూబ్ వంచితే కారిందా, అదే రోజు ఫొటో తీసి డీలర్‌కి వెనక్కి పంపండి. వారం తర్వాత అడిగితే మీ ఫ్రిజ్‌దే తప్పంటారు.